మా చదువవలసిన పుస్తకముల పట్టికలో క్రొత్తగా చేరినవి

చదివిన పుస్తకములను గూర్చి వ్రాయుట వాడుక. కళాశాల వార్షిక సంచికలలో అట్టి వ్యాసములకు ఎన్నడును కొదవ లేదు. ఇంకను చదువని పుస్తకములను గూర్చి వ్రాయుట ఎట్లని విద్యార్థులు అడుగవచ్చును. ఒకరి బీరువాను చూచినచో వారు ఏమి చదివిరో తెలియును. వారు ఏమి తెలిసికొనగోరుచున్నారో తెలియవలెనన్న, వారు వ్రాసి యుంచుకొన్న చదువవలసిన పుస్తకముల పట్టికను చూడవలెను. అందుచేత ఇందు మేము ఈ గ్రంథములపై తీర్పు చెప్పుట లేదు. వీని పేర్లు మా పట్టికలోనికి ఎట్లు వచ్చినవో, ఎందుకు వచ్చినవో మాత్రమే విన్నవించుచున్నాము.

పాఠ్యగ్రంథముల పట్టికను విశ్వవిద్యాలయము వారు తయారు చేయుదురు. దానికి ఆరంభమును అంతమును కలవు. పరీక్ష ముగియగానే దాని ఆయువు తీరును. సొంత పట్టిక అట్టిది కాదు. దానిని ఎవరును కూర్చుండి తయారు చేయరు. ఒక పుస్తకపు పీఠికలో మరియొక పుస్తకము పేరు కనబడును. దాని వెంట పోయిన ఇంకొక రెండు ఎదురగును. ఒకటి చదివి కొట్టివేయులోపల నాలుగు చేరును. ఇది తరుగని అప్పు వంటిదే గాని, ఈ అప్పును చూచి నిద్ర చెడినవారు మాకు కనబడలేదు. ఎవరో మెచ్చుకొన్నారని పేరు చేర్చుకొనుట మాకు అలవాటు లేదు. మనసులో ఒక ప్రశ్న నాటుకొని, దాని సమాధానము ఫలానా గ్రంథములో నుండవచ్చునని తోచినపుడే వ్రాసికొందుము.

ఈ సంవత్సరము మమ్ము పట్టుకొన్న ప్రశ్న మన కళాశాల వసారాలలో పుట్టినదే. ఇచ్చట ఒక తరగతి గదిలో గజల్ వినబడును, ప్రక్క గదిలో సీసపద్యము వినబడును. ఈ రెండు భాషలును మన నేలపై నాలుగు వందల సంవత్సరములకు పైగా ఒకే గోడకు ఇటునటు కాపురమున్నవి. ఇవి ఒకదానినొకటి వినుచుండెననుట నిస్సందేహము. బజారులో, కచేరీలో, పొలము గట్టున వినక తప్పదు. అయితే ఎంతవరకు చదివినవి? ఈ ప్రశ్నయే మా పట్టికను ఈ యేడు నింపినది.

మొదట చేరినవి రెండు పాత కావ్యములు. అద్దంకి గంగాధరకవి రచించిన 'తపతీ సంవరణోపాఖ్యానము' గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షాకు అంకితము. సూర్యుని కుమార్తె యగు తపతికిని సంవరణ మహారాజునకును గల ప్రణయము దాని కథ. మూలము భారతములోని ఆదిపర్వము. ఇబ్రహీం రాజ్యకాలము 1550 నుండి 1580 వరకు. సింహాసనమెక్కుటకు ముందు అతడు కొన్ని సంవత్సరములు విజయనగరములో రామరాయల కడ తలదాచుకొనెను. తెలుగు కవిత్వముపై అతనికి అభిరుచి అచ్చట బలపడియుండవచ్చును. తెలుగు కవులు అతనిని 'మల్కిభరాముడు' అని తమ నాలుకకు అనువుగా పిలిచికొనిరి. అదే ఇబ్రహీం 1565 లో రామరాయలపై యుద్ధమునకు కూడిన సుల్తానులలో ఒకడు. చరిత్రను గూర్చి ఉపన్యసించు వారు ఈ రెండు విషయములలో తమకు నచ్చిన ఒక్కదానిని మాత్రమే చెప్పుటను మేము తరచుగా వినుచుందుము. రెండును సత్యములే గనుక కావ్యమును తెరచి అందులో ఆ రాజు ఎట్లు వర్ణింపబడెనో స్వయముగా చూడవలెనని మా కోరిక.

రెండవది పొన్నగంటి తెలగనార్యుని 'యయాతి చరిత్రము'. ఇది తొలి అచ్చ తెలుగు కావ్యముగా ప్రసిద్ధి. అచ్చ తెలుగు అనగా సంస్కృతమునుండి యథాతథముగా వచ్చిన తత్సమపదములను విడిచి, తద్భవములతోను దేశ్యములతోను కావ్యమంతయు నడుపుట. నీటిలో దిగి తడవకుండుట వంటిది ఆ సాహసము. ఇంత కఠినమైన వ్రతము పట్టిన కావ్యమును కవి ఎవరికి అంకితమిచ్చెను? పటాన్‌చెరువు ప్రాంతమున నుండిన అమీన్ ఖాను అను గోలకొండ అధికారికి. తెలుగులోని తెలుగుతనమునంతటిని వడగట్టిన తొలి కావ్యమును ఆలకించినవాడు ఒక ఖాను! ఈ ఒక్క సంగతి చాలును, ఆ పుస్తకమును పట్టికలో పై వరుసకు తెచ్చుటకు.

ఇబ్రహీం కుమారుడు మహమ్మద్ కులీ కుతుబ్ షా 1580 నుండి 1612 వరకు పాలించినాడు. హైదరాబాదు నగర నిర్మాత. అతని దక్కనీ కవితల సంపుటమును మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు పరిష్కరించి 1940 లో ప్రకటించిరి. రాజు వ్రాసిన కవిత్వమనగానే కీర్తియు కిరీటమును ఉండుననుకొందుము. ఇందులో వాన కాలము, వసంతము, పండుగలు, పండ్లు, కూరగాయలు సహితము ఉన్నవట. తెలుగు మాటలును అక్కడక్కడ దొరలినవందురు. అతడు తెలుగులో కూడ కవిత చెప్పెనని ప్రతీతి కలదు గాని అవి మనకు దొరకలేదు. దొరకని వానిని పట్టికలో చేర్చుట కుదరదు గనుక దొరికినదానినే చేర్చుకొంటిమి.

ఇక మా పట్టికలో ఈ యేడు అన్నింటికంటె పెద్ద అక్షరములతో వ్రాసికొన్న పేరు 'అమ్జద్ రుబాయీలు'. ఉర్దూ మూలము అమ్జద్ హైదరాబాదీ గారిది, తెలుగు సేత సామల సదాశివ గారిది.

అమ్జద్ గారిని గూర్చి ఉర్దూ శాఖ విద్యార్థులకు మేము చెప్పవలసినది లేదు. తెలుగు విద్యార్థుల కొరకు కొంత చెప్పెదము. 1908 సెప్టెంబరు 28 వ తేదీన మూసీ నది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసినది. వేలకొలది ప్రాణములు పోయినవి. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నెక్కి నూట యేబదిమంది వరకు బ్రతికిరని ప్రసిద్ధి; ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనిది. ఆ వరద తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాపై రెండు జలాశయములు తలపెట్టబడినవి. ఉస్మాన్ సాగర్ 1920 లోను, హిమాయత్ సాగర్ 1927 లోను పూర్తియైనవి. ఇది నగరమునకు కలిగిన నష్టమును, దానికి చేసిన చికిత్సయును. అమ్జద్ గారికి కలిగిన నష్టమునకు చికిత్స లేదు. ఆ రాత్రి వారి తల్లియు, భార్యయు, చిన్నారి కుమార్తెయు వరదలో కొట్టుకొనిపోయిరి. వారొక్కరే మిగిలిరి. అటు పిమ్మట అర్ధ శతాబ్దమునకు పైగా జీవించి 1961 లో మరణించిరి. ఆ దీర్ఘకాలములో వారు ప్రధానముగా చేపట్టిన ప్రక్రియ రుబాయీ, అనగా కేవలము నాలుగు పాదముల పద్యము.

ఈ రుబాయీ నిర్మాణమును కొంచెము వివరింపవలసి యున్నది. ఇందు మొదటి, రెండవ, నాల్గవ పాదములకు అంత్యప్రాస కుదురవలెను. మూడవ పాదమునకు ఆ నిర్బంధము లేదు. మూడవ పాదము వద్ద కవి ఒక్క క్షణము చేయి వదలినట్లుండును. నాల్గవ పాదములో మరల పట్టుకొనును. చెప్పదలచినదాని బరువంతయు ఆ చివరి పాదము మీదనే పడును. ఛందస్సులోను స్వేచ్ఛ లేదు. రుబాయీకి నియమితమైన నడకలు కలవు, వానిని దాటరాదు. మన పద్యములో ప్రాస పాదములోని రెండవ అక్షరమున నుండును. ఉర్దూ కవితలో అది పాదము చివర కాఫియా యను పేరుతో నుండి, దాని వెనుక మార్పులేక మరల మరల వచ్చు రదీఫ్ ఉండును. ఒక భాష తలుపు ముందు దీపము పెట్టును. మరియొకటి పెరటిలో పెట్టును. అనువాదకుడు దీపమును ఆర్పకుండ ఇల్లు దాటించవలెను. సదాశివ గారు ఆ పని ఎట్లు చేసిరో చూచుటకే మేము ఆ పుస్తకమును వెదకుచున్నాము. అంత పెద్ద దుఃఖమును అనుభవించిన వారు పెద్ద కావ్యము మాని నాలుగు పాదములను ఏల ఎన్నుకొనిరి అన్నది మా రెండవ ప్రశ్న.

సదాశివ గారు 1928 లో ఆదిలాబాదు జిల్లాలో జన్మించి 2012 లో దివంగతులైరి. తెలుగు, ఉర్దూ, పారశీకము, మరాఠీ మున్నగు భాషలలో వారికి ప్రవేశము కలదు. హిందుస్తానీ సంగీతమును గూర్చి వారు వ్రాసిన 'స్వరలయలు' గ్రంథమునకు 2011 లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. వారి 'ఉర్దూ సాహిత్య చరిత్ర' కూడ మా పట్టికలో చేరినది. దానికి జోడుగా ఎదుటి దరినుండి కట్టిన వంతెన యొకటి కలదు: ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధించిన జీనత్ సాజిదా గారు ఉర్దూ పాఠకుల కొరకు తెలుగు సాహిత్య చరిత్రను ఉర్దూలో వ్రాసిరి. ఈ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి, ఒక భాషవారు రెండవ భాషలో ఎవరిని గొప్పవారనుకొనిరో, ఎవరిని విడిచిరో పోల్చి చూడవలెనని ఉన్నది. సాహిత్య చరిత్రలలో చెప్పినదానికంటె విడిచినది తరచుగా ఎక్కువ బోధించును.

విడిచినదనగానే జ్ఞప్తికి వచ్చునది 'గోలకొండ కవుల సంచిక'. నిజాము రాజ్యములోని తెలంగాణమున తెలుగు కవులు పూజ్యమని ఒకరు వ్రాసిరి. దానికి సురవరం ప్రతాపరెడ్డి గారు వాదముతో బదులు చెప్పక పట్టికతో బదులు చెప్పిరి. గ్రామగ్రామమునకు వార్త పంపి పద్యములను రప్పించి, 354 మంది కవులను ఒక్క సంపుటములో కూర్చి 1934 లో ప్రకటించిరి. తపాలా తప్ప మరియొక సాధనము లేని ఆ రోజులలో ఇది ఎంత శ్రమయో ఊహింపుడు. అందలి కవితలన్నియు గొప్పవని మేము తలంచుట లేదు. అంతమందిలో అట్లుండుట సాధ్యమును కాదు. అయినను ఒక ప్రాంతము తన పేరు తానే పిలిచి హాజరు వేసికొన్న పుస్తకమది. ప్రతాపరెడ్డి గారు ఉర్దూ, పారశీకములు కూడ నేర్చినవారు. ఒక భాష మేలు కోరుటకు రెండవ భాషను తెలియకుండుట అవసరమని వారు భావింపలేదు.

ఉర్దూ నవలలలో 'ఉమ్రావ్ జాన్ అదా' పేరు వ్రాసికొంటిమి. మిర్జా హాదీ రుస్వా గారి ఈ నవల 1899 లో వెలువడినది. ఫైజాబాదులో ఒక బాలికను, ఆమె తండ్రిపై పగబట్టినవాడు ఎత్తుకొనిపోయి లక్నోలో అమ్మివేయుట, ఆమె అచ్చట విద్యలు నేర్చి కవయిత్రి యగుట ఇందలి కథ. 1981 లో వచ్చిన చలనచిత్రము వలన కథ అందరికిని తెలిసినదే. మేము ఖుష్వంత్ సింగ్, ఎం. ఎ. హుసైనీ గారల ఆంగ్లానువాదమున దీనిని చదివియున్నాము. ఇప్పుడు పట్టికలో చేరినది మూలము. లక్నో నవల మన ప్రశ్నకు ఎట్లు సంబంధించునని అడుగవచ్చును. రుస్వా గారి చివరి దినములు హైదరాబాదులో గడచినవి. 1931 లో ఇచ్చటనే వారు కన్నుమూసిరి. వారిని ఇచ్చటికి తెచ్చినది నవల కాదు, అనువాదపు ఉద్యోగము. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉన్నత విద్యను ఉర్దూలో బోధింప దలచినపుడు పాఠ్యపుస్తకములు లేకపోయెను. వానిని సిద్ధపరచుటకై 1917 లో దారుల్ తర్జుమా అను అనువాద శాఖను నెలకొల్పిరి. గణితము, రసాయనము, తత్త్వము మొదలగు శాస్త్రములకు ఉర్దూలో మాటలే పుట్టింపవలసి వచ్చినది. ఒక్కొక్క మాటకు పండితులు కూర్చుండి వాదించుకొనిరి. నేడు మాతృభాషలో శాస్త్రబోధ కుదురునా యని చర్చించువారు ఆ ప్రయత్నము ఫలించినంతవరకు ఎట్లు ఫలించెనో, 1948 తరువాత ఎట్లు ఆగెనో చదువుట మంచిది.

మిగిలిన కొన్నింటిని త్వరగా పేర్కొందుము. దాశరథి గారి 'గాలిబ్ గీతాలు' మన యువకులకు ఎంతగా తెలిసినదనగా, దానిని పట్టికలో చేర్చుకొనుటకు కొంచెము సిగ్గు కలుగును. అయినను మూలముతో పోల్చి చదువుట మిగిలియున్నది. మఖ్దూం మొహియుద్దీన్ గారి 'బిసాత్ ఎ రఖ్స్' 1969 లో సాహిత్య అకాడమీ పురస్కారము నందినది. ఆ సంవత్సరమే కవి మరణించిరి. ఉమర్ ఖయ్యామును తెలుగు చేసినవారిలో ముగ్గురిని ఒకచోట చేర్చి చదువవలెనని సంకల్పము: పిఠాపురము వారగు ఉమర్ ఆలీషా గారు, సేద్యము చేయుచు పారశీకము నేర్చిన దువ్వూరి రామిరెడ్డి గారు, సంస్కృతములోను అచ్చ తెలుగులోను రెంటను చేసిన ఆదిభట్ల నారాయణదాసు గారు. ఒక పారశీక కవి అచ్చ తెలుగులో మాటలాడుట మరల ఆ పాత యయాతి కావ్యమును స్మృతికి తెచ్చును.

ఇటీవలి కాలపు పుస్తకములను విడిచినచో మా ప్రశ్న సగమే అడిగినట్లగును. జీలానీ బానో గారి ఉర్దూ నవల 'ఐవాన్ ఎ గజల్' 1976 లో వచ్చినది. హైదరాబాదులోని ఒక దేవిడీ కుటుంబము క్రమముగా కూలుట దాని వస్తువు. ఆమెయే వ్రాసిన 'నరసయ్య బావి' కథ శ్యాం బెనెగల్ తీసిన 'వెల్ డన్ అబ్బా' చిత్రమునకు ఆధారములైన కథలలో ఒకటి. కథ ఉర్దూలో, శీర్షికలో నరసయ్య! ఇటు తెలుగులో ఖాదర్ మొహియుద్దీన్ గారి దీర్ఘకవిత 'పుట్టుమచ్చ' 1991 లోను, ముస్లిం కవుల సంకలనము 'జల్‌జలా' 1998 లోను, మహమ్మద్ ఖదీర్ బాబు గారి 'దర్గామిట్ట కతలు' 1999 లోను వెలువడినవి. 'దర్గామిట్ట కతలు' నెల్లూరు సీమ మాటలో సాగునట్టిది. అచ్చటి పిల్లవాడు ఇంటిలో అమ్మను పిలుచు మాట ఒక భాష, వీధిలో ఆడుకొను మాట మరియొక భాష. మన విద్యార్థులలో సగముమంది జీవితమదియే. అట్టివారు తమ ఇంటిని అచ్చులో చూచుకొను పుస్తకమును మనమేల ఆలస్యముగా చదువుచున్నామో మాకు అర్థము కాదు.

ఇచ్చట ఒక చిక్కును దాచక చెప్పవలసి యున్నది. ఈ పట్టికలో ఉర్దూ, తెలుగు పుస్తకములు కలసియున్నవి. కాని వీనిని అన్నింటిని చదువగల కన్నులు మనలో తక్కువ. ఉర్దూను ఇంటిలో చక్కగా మాటలాడుచు, దాని లిపిని చదువలేని విద్యార్థులు ఏటేట పెరుగుచున్నారు. ఉర్దూ మాధ్యమమున చదివి, తెలుగు బోర్డులు తప్ప తెలుగు పేజీ చదువని వారును కలరు. లిపి నేర్చుట కష్టము కాదా యందురు. తెలుగులో గుణింతము పూర్తిగా వ్రాయబడును గనుక అక్షరములు వచ్చినచో అర్థము తెలియని మాటను సైతము చదువవచ్చును. ఉర్దూలో హ్రస్వస్వరములను సాధారణముగా వ్రాయరు. అలిఫ్, సీన్ రెండక్షరములు చాలును; దానిని 'ఇస్' అనియు చదువవచ్చును, 'ఉస్' అనియు చదువవచ్చును. వాక్యము తెలిసినవానికే ఏది సరియో తెలియును. అనగా ఉర్దూ లిపి మాట వచ్చినవానికి త్వరగా లొంగును. ఇంటిలో ఆ భాష వినుచు పెరిగిన పిల్లలకు సగము పని ముందే జరిగియున్నది. ఆ సగమును వ్యర్థము చేసికొనుట చూచి మాకు బాధ కలుగుచున్నది.

రెండవ చిక్కు పుస్తకములు దొరకుట. పైన పేర్కొన్నవానిలో కొన్ని అంగడిలో అడిగినచో లేవందురు. 2013 నుండి రేఖ్తా వారు ఉర్దూ గ్రంథముల ప్రతులను అంతర్జాలమున ఉంచుచున్నారు. పాత తెలుగు గ్రంథములును అనేకము ఆ విధముగా లభించుచున్నవి. మేలే. అయినను చేతిలోని ఫోనులో యయాతిని చదువుచుండగా నాలుగు పద్యముల కొకమారు ఎవరో పిలుతురు. అచ్చు ప్రతి ఒక్కటైనను పఠన మందిరములో నుండవలెను.

ఈ విషయమై కళాశాల సంఘము వారికి ఒక చిన్న మనవి. సాధారణముగా గ్రంథాలయములలో ఉర్దూ పుస్తకములకు ఒక రిజిస్టరు, తెలుగు పుస్తకములకు ఒక రిజిస్టరు ఉండును. ఆ ఏర్పాటులో సదాశివ గారి అమ్జద్ తెలుగు బీరువాలోనికి పోవును. ఉర్దూ విద్యార్థి దానిని ఎన్నడును చూడడు. జీనత్ సాజిదా గారి తెలుగు సాహిత్య చరిత్ర ఉర్దూ బీరువాలో నుండును. తెలుగు అధ్యాపకులకు దాని ఉనికియే తెలియదు. ఇట్టి రెండు దరుల పుస్తకముల కొరకు ఒక అర ప్రత్యేకింపవలెను. ప్రారంభమునకు ఇరువది పుస్తకములు చాలును. మేము పేర్కొన్నవి అందులో చాలవరకు సరిపోవును. ప్రతి పుస్తకము పేరును రెండు లిపులలోను వ్రాసి రెండు రిజిస్టర్లలోను ఎక్కించిన వ్యయము స్వల్పము.

విద్యార్థుల వంతు పని వేరు. ఉర్దూ శాఖ నుండి ఒకరు, తెలుగు శాఖ నుండి ఒకరు జతగా కూర్చుండవలెను. ఒకరు అమ్జద్ రుబాయీని మూలమున చదువగా, రెండవవారు సదాశివ గారి తెలుగును చదువవలెను. రోజునకు ఒక్క రుబాయీ చాలును. మూడవ పాదము వద్ద ఇద్దరును ఆగి, నాల్గవ పాదములో ఏమి రానున్నదో ఊహించి, పిదప చదువుకొనవలెను. మేము ఉర్దూ మూలమును సంపాదించితిమి. ఉర్దూను కూడబలుకుకొని చదువుదుము గనుక మాకును జత యొకరు కావలెను. తెలుగు ప్రతి చేతికి రాగానే మొదలిడెదము; తరువాతి వంతు తెలగనార్యునిది.